మదనపల్లెలో ద్రాక్షారసపు పుట్టినరోజు

ఆంగ్ల సంవత్సరము ముగియు డిసెంబరు 31వ తేది మా యింట నొక పుట్టినరోజు. అది మా అత్తగారిది. ఆమె తండ్రిగారు వాయల్పాటి ప్రాంతమున నొక గ్రామమునకు కరణముగ నుండిరి. కూతురు పుట్టిన తేదియు, తిథియు, వేళయు ఆయన తన లెక్కల పుస్తకములో స్వహస్తముతో వ్రాసియుంచిరి. ఆ పుస్తకము నేటికిని మా పెట్టెలో భద్రముగ నున్నది. పల్లెలలో బుట్టిన ఆ తరపు స్త్రీలలో తమ జన్మదినము నిక్కముగ నెరిగినవారు కొలదిమందియే. మా అత్తగారికి మాత్రము 1955 డిసెంబరు 31 అని చక్కగ తెలియును. తెలిసి యేమి ప్రయోజనము? అరువదియెనిమిది యేండ్లపాటు ఆ దినమున ఆమె పండుగ చేసికొనినది లేదు. ఎందుకు లేదో, 2024వ సంవత్సరాంతమున అది మొదటిసారిగ మా యింట నెట్లు జరిగినదో సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

మదనపల్లెను చూడనివారికి ముందుగ మా యూరిని జూపించి, పిదప నింటిలోనికి దీసికొనిపోయెదము.

మాది పీఠభూమిమీది పట్టణము. సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైబడి యుండుటచేత వేసవియందు సైతము రాత్రులు కొంత చల్లబడును. మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున పొగమంచు దిగి, ఎదుటి యింటి ముగ్గు కానరాకుండును. ఊరి నొరసి బాహుదానది పారును. వానలు లేని యేట అది యిసుకదారియే. చేతులు గోల్పోయిన లిఖితమహర్షి బాహుదలో మునిగి బాహువులను మరల బొందెనని భారతమున జదివితిమి. మా తాతగారు మాకు చిన్ననాట అమరమును, భారతమును చెప్పిన పుణ్యమున, ఆ వంతెనమీద నడచినప్పుడెల్ల మాకా కథయే తలపునకు వచ్చును. పోయినవి మరల దొరకుననుమాట ఎంత చక్కని మాట!

ఊరు వెడలి కొండదారి బట్టినచో 4,000 అడుగులకు పైగా నెత్తుగల ఏనుగు మల్లమ్మకొండ యున్నది. ఏనుగులు పెంచిన మల్లమ్మయను బాలిక పేర వెలసిన కొండ యది. పందొమ్మిదవ శతాబ్దములో కడపజిల్లా కలెక్టరుగ నుండిన హార్స్‌లీదొర దానిమీద వేసవి విడిది గట్టుకొనుటచేత లోకమంతయు హార్స్‌లీకొండ యనుచున్నది. ఏనుగుల నడుమ బెరిగిన ఆడుబిడ్డ పేరు మరుగునబడి దొరగారి పేరు నిలిచినది. మా యూరు కడపజిల్లాలో నున్న కాలమది. 1911లో మదనపల్లె క్రొత్తగ నేర్పడిన చిత్తూరుజిల్లాలో జేరినది. 2022లో అన్నమయ్య జిల్లాకు మారినది. జిల్లాలు మారినను మా చలియు, మా పలుకును మారలేదు.

1915లో అనిబిసెంటమ్మ పేర వెలసిన దివ్యజ్ఞాన కళాశాల మా పట్టణమునకు కీర్తి తెచ్చినది. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో జన్మించినదియు నీ యూరనే. 1919లో రవీంద్రనాథ టాగూరుగారు ఆ కళాశాలలో విడిది చేసి, నేటి మన జాతీయగీతమును ఆంగ్లమున వ్రాసిరి. అప్పటి కళాశాలాధ్యక్షుని భార్యయైన మార్గరెట్ కజిన్సమ్మగారు, సంగీత మెరిగినది గనుక, ఆ పాటకు స్వరము వ్రాసియుంచిరి. ఈమెయే 1917లో అడయారున భారతస్త్రీసంఘమును నెలకొల్పిన వారిలో నొకరు. 1927లో అఖిలభారత మహిళాసభకు పునాది వేసినవారు. ఊరి బయట ఆరోగ్యవరమున క్షయరోగుల వైద్యశాల నూరేండ్లకు మించి నిలిచియున్నది. మందు కానరాని ఆ తొలిదినములలో ఎండిన గాలి, విశ్రాంతి, మంచి యాహారము నమ్ముకొని దూరదేశములనుండి రోగులు మా చలిలోనికి వచ్చిరి. ఈ వైద్యశాల పేరు చెప్పుటకు కారణమున్నది, ముందు తెలియగలదు.

ఇక మా యూరి పంటలు. మదనపల్లె టమాటలు దేశమంతటికి బోవును. ఋతువునందు తెల్లవారకమునుపే లారీలు వరుసదీరి, అంగడివీధి యంతయు నెర్రని గంపలతో నిండిపోవును. శీతకాలమున అనపకాయలు వచ్చును. చెరువుగట్లమీద నీతచెట్లు కుండలు గట్టుకొని నిలుచును. ఆ చెట్టునుండి దిగిన రసము సూర్యోదయమునకు ముందు నీరా. కొబ్బరినీటివలె తియ్యన, పిల్లలకుగూడ నీయదగినది. మధ్యాహ్నమునకు అదియే కల్లు. చెట్టు ఒకటే, రసము ఒకటే. నడుమ గడచినవి కొన్ని గడియలు మాత్రమే. కుండకు లోపల సున్నము పూసినచో పులియుట తగ్గుననియు గీతకారులు చెప్పుదురు. ఈ మాటను పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొన గోరెదము.

కన్నడసీమ సరిహద్దు మాకు దగ్గర. చిక్కబళ్ళాపురము, కోలారు, బెంగుళూరు గ్రామసీమలలో నల్లద్రాక్ష విరివిగ పండును. వర్తకులు దానిని బెంగుళూరు బ్లూ యందురు. తోలు మందము, గింజ గట్టి. నొక్కిన వెంటనే తోలు చేతనుండి, గుజ్జు నోటిలోనికి జారును. కోసిన గది యంతయు నిండునట్టి పరిమళము దానిది. ఏటికి రెండు కాపులు కాచు నీ ద్రాక్ష మా యూరి తోపుడుబండ్లకు చేరును. నందికొండ క్రింద దొడ్డబళ్ళాపురము చెంత 1988లో ఫ్రాన్సుదేశపు ద్రాక్షతీగెలను నాటి, అచ్చట మద్యమును సైతము చేయుచున్నారు. అమరమున ద్రాక్షకు గోస్తని యను పేరున్నది. గోవు పొదుగువంటిదని యెంత పవిత్రమైన పోలిక! లక్షణకర్తలు నోట బెట్టగనే కరగు కవిత్వమును ద్రాక్షాపాక మనిరి. ఇట్టి పండు పేరుతో ఒక యింటి దీపమారిపోవుట యెట్లు?

ఇప్పుడు మా గడప దాటి లోనికి రండు.

మా మామగారు ఒక కచేరీలో గుమాస్తాగ నుండిరి. చక్కని దస్తూరి, మృదువైన మాట. అట్టి వానికి పెండ్లియైన కొన్ని యేండ్లకు త్రాగుడు పట్టుకొనినది. మొదట నెలకొకమారు, పిమ్మట జీతపుదినమున, తుదకు దినదినము. మావారు బడికి బోవు నాటికి యింట వెండిచెంబులు లేవు. మిక్కిలి కష్టమైన రాత్రి యేదియనగా డిసెంబరు 31. ఊరంతయు క్రొత్తసంవత్సరము పేర త్రాగు రాత్రి యది. "నీ పుట్టినరోజు గదా, అందుకే పండుగ" యని ఆయన హాస్యమాడుచు పోవువారట. భార్య పుట్టినరోజు ఆయన త్రాగుటకొక సాకైనది. ఆ రాత్రి యెల్ల ఆమె తలుపు వెనుక గూర్చుండి వీధిగేటు గొళ్ళెము చప్పుడుకై చెవియొగ్గుచుండును. గొళ్ళెము తీసిన తీరునుబట్టి ఆ రాత్రి యెట్లు గడచునో ఆమెకు తెలిసిపోవునట.

ఇది విన్నమాట మాత్రమే కాదు. మేము 2011లో కాపురమునకు వచ్చితిమి. మరుసటి యేడు ఆయన కాలముచేసిరి. నడుమ వచ్చిన యొక్క డిసెంబరు 31 రాత్రిని మేమును చూచితిమి. చలిలో, చీకటిలో, తలుపు వెనుక పీటమీద కూర్చున్న ఆమె ప్రక్కన మేమును గూర్చుంటిమి. ఆమె మాతో ఒక్కమాటయు నాడలేదు. గొళ్ళెము మ్రోగినప్పుడు మా చేయి పట్టుకొనిరి. ఆ చేయి మంచువలె నుండెను. ఆయన పోయిన తరువాతను ఆ తేది వచ్చినచో ఆమె అన్నము ముట్టక, త్వరగ దీపమార్పి, గోడవైపు తిరిగి పరుండెడివారు. పుట్టినరోజు మాట యెత్తుటకు మాకు నోరాడలేదు.

మద్యమునకు మన పురాణములలోనే శాపమున్నది. కచుని బూడిద కలిసిన సురను త్రాగి మోసపోయిన శుక్రాచార్యుడు దానిని నిషేధించెను. ప్రభాసతీర్థమున మత్తులై యాదవు లొకరినొకరు చంపుకొనిరి. పురాణ మటుండనిండు, మా జిల్లాలోనే చరిత్ర యున్నది. రాజగోపాలాచారిగారు మద్రాసు ప్రధానిగ నుండగా 1937 అక్టోబరు 1వ తేదిని సేలముజిల్లాలో మద్యనిషేధము మొదలిడి, మరుసటియేడు అదే తేదిని చిత్తూరు కడపజిల్లాలకు విస్తరింపజేసిరి. మా అత్తగారి తల్లి, కల్లుపాకలు మూతపడిన ఆ దినములను గూర్చి, పండిన చేను గూర్చి చెప్పినట్లు సంతోషముతో చెప్పెడిదట. 1948 నాటికి మద్రాసు రాజధాని యంతటను నిషేధము వచ్చినది. ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట అది సడలినది.

తరువాతి కథను నడిపినవారు స్త్రీలు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ వాచకములో సీతమ్మకథ యను పాఠము జదివిరి. ఊరి ఆడువారు కూడి సారాయంగడిని మూయించిన కథ యది. పాఠము జదివి పుస్తకము మూయక, వర్ధినేని రోశమ్మగారు మొదలగువారు లేచి తమ యూరి సారాయంగడిని నిజముగనే మూయించిరి. ఆ మంట జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1న సారాయి నిషిద్ధమైనది. రామారావుగారి ప్రభుత్వమున 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది తొలగినది. ఈ తేదులు మాకు చరిత్రపుస్తకమున దొరకినవి. మా అత్తగారికి మరియొక విధముగ తెలియును. "ఆ రెండు డిసెంబరు 31లు మీ మామగారు దీపాలవేళకే యింటి కొచ్చినారమ్మా. ఇద్దరము ఎదురెదురుగా కూర్చొని అన్నము తిన్నాము" అని యొకసారి చెప్పిరి. అరువదియెనిమిది యేండ్లలో అట్టివి రెండు రాత్రులు.

ఇప్పుడు మా వీధిమొగలో "వైన్స్" అని పెద్ద పలక వ్రేలాడుచున్నది. అచ్చట అమ్మునది బ్రాందీయు, విస్కీయు, బీరును. ద్రాక్షతో చేసినది అడిగినవారును తక్కువ, ఉంచినవారును తక్కువ. పండు చేయని పాపమునకు పండు పేరు మోయుచున్నది.

మా ప్రక్కయింట క్రైస్తవురాలగు నొక వృద్ధురాలున్నారు. ఆమె ఆరోగ్యవరమున నర్సుగ పనిచేసి విశ్రాంతి గైకొనినవారు. వీధివారందరు సిస్టరమ్మ యందురు. ప్రతి క్రిస్మసునకు ఆమె నల్లద్రాక్షతో ఎర్రని పానకము చేసి, కేకుముక్కతోకూడ ఇరుగుపొరుగులకు పంచుదురు. దానిని ఆ యింటివారు వైను అందురుగాని, అందు మత్తు లేశమును లేదు. తెలుగు బైబిలులో ద్రాక్షారసము అను మాటయే యున్నది. అందుచేత ఆ పేరు వారి నాలుకకు పవిత్రము. మా అత్తగారి చెవికి మాత్రము వైను అనినచో వీధిమొగలోని పలకయే. ఏటేట ఆ సీసా మా గడపవరకు వచ్చి, "మాకు వద్దమ్మా, కేకు చాలు" అను మాటతో తిరిగిపోవుచుండెడిది.

2024 డిసెంబరులో ఈ విషయము చెడి, పిమ్మట బాగుపడినది. మా అమ్మాయికి పండ్రెండేండ్లు, అబ్బాయికి తొమ్మిది. క్రిస్మసునాడు సిస్టరమ్మగారింట పానకము త్రాగివచ్చి, జేజి పుట్టినరోజునకు తామే చేసి యాశ్చర్యపరుపవలెనని పిల్లలిద్దరు పన్నాగము పన్నిరి. తమ డబ్బులతో ద్రాక్ష దెచ్చి, చేతులతో పిసికి, పంచదార పోసి, జాడీలో నింపి, ఎవరికిని తెలియకుండ అటకమీద దాచిరి. కాచవలెనని వారికి తెలియదు.

31వ తేది ఉదయమున మా అత్తగారు అటకమీది చేటకొరకు నిచ్చెన వేయించిరి. జాడీమూత కదిలి, ఊదారంగు నురుగు గోడవెంట జారియున్నది. దానితో వాసన దిగినది. పుల్లని, తియ్యని, మత్తైన వాసన. ఆమె అట్లే నిలబడిపోయిరి. "ఈ వాసన మళ్లా నా యింట్లోకి ఎట్లొచ్చెనమ్మా?" అని మాత్రము అడిగిరి. తరువాత గదిలోనికి బోయి గోడవైపు తిరిగి పరుండిరి. ఆమె కన్న కొడుకునే అనుమానించిరని మాకు తెలిసిపోయినది. మావారికిని తెలిసినది. ఆయన యీ జన్మమున మద్యము ముట్టినవారు కారు. తండ్రి పేరునకు తల వంచుకొనుచు పెరిగినవారు. ఆయన మొగము చూడలేకపోతిమి.

పిల్లలు ఏడ్చుచు నిజము చెప్పిరి. చెప్పినను జేజి తిరిగి చూడలేదు. మేమాలోచించి సిస్టరమ్మగారిని బిలుచుకొని వచ్చితిమి. ఆమె జాడీని వాసన చూచి, చిన్నగ నవ్వి, మా అత్తగారి మంచముచెంత గూర్చుండి, ఆసుపత్రిలో రోగులకు చెప్పినట్లు నిదానముగ చెప్పసాగిరి.

"అక్కా, ద్రాక్షపండు మీద బూడిదవంటి తెల్లని పొర చూస్తారే, దానిమీద కంటికి కనబడని ఈస్టు అనే సూక్ష్మజీవి ఉంటుంది. పండు పగిలి రసము బయటికొస్తే అది తీపిని తిని బ్రతుకుతుంది. తిని విడిచేదే మత్తుపదార్థము, ఆ పొంగే నురుగు బొగ్గుపులుసు గాలి. దోసెపిండి పులిసి పొంగదూ, అట్లాంటిదే. రసమును బాగా కాస్తే ఆ జీవి చచ్చిపోతుంది. వేడిగా నుండగానే సీసాలో పోసి బిరడా బిగిస్తే పులిసే పనే లేదు. పిల్లలు కాచలేదు. అంతే జరిగింది. పండు తప్పు లేదక్కా, పిల్లల తప్పూ లేదు."

ఈ సంగతి కనిపెట్టినవాడు ఫ్రాన్సుదేశపు పాశ్చరు పండితుడని మావారు గుమ్మమునుండి చెప్పిరి. ఆయన పద్ధతి ననుసరించి 1869లో అమెరికాలో వెల్చి యను దంతవైద్యుడు, మద్యమును విసర్జించిన క్రైస్తవుడు, దేవాలయమున వాడుకొనుటకై పులియని ద్రాక్షారసమును సీసాలలో నిలువజేసెను. ఆయన వాడిన కాంకార్డు ద్రాక్షయు, మా తోపుడుబండిమీది నల్లద్రాక్షయు నొకే అమెరికా జాతి కుటుంబమునకు జెందినవి. మత్తునకు భయపడినవారే ఆ దేశమునగూడ ఈ యుపాయము వెదకిరని విని మా అత్తగారు మొదటిసారిగ మావైపు తిరిగిరి. మేమును ఈతచెట్టు సంగతి జ్ఞప్తిచేసితిమి. కరణముగారి బిడ్డ, చిన్ననాట తెల్లవారుజామున నీరా త్రాగి పెరిగినవారే గదా!

చాలసేపటికి ఆమె లేచిరి. "ఆ జాడీ పారబోయండి. చేసేదుంటే నా కండ్లముందర చేయండి" అనిరి.

జాడీని మావారే తీసికొనిపోయి పెరటిలో కానుగచెట్టు మొదట పారబోసిరి. తల్లి కిటికీనుండి చూచుచుండిరి. తుదిచుక్కవరకు పారబోసి, జాడీని మూడుమారులు కడిగి, ఎండలో బోర్లించి వచ్చి, ఏమియు మాటాడక తల్లి కాళ్ళకు నమస్కరించి బడికి బోయిరి. ఆమె చాలసేపు ఆ బోర్లించిన జాడీనే చూచుచు నిలిచిరి.

మేము పిల్లలను దీసికొని అంగడికి బయలుదేరితిమి. పొగమంచు విడి యెండ కాయుచుండెను. నీరుగట్టువారిపల్లెలో మగ్గముల చప్పుడు వీధివరకు వినవచ్చును. పట్టుచీరలకు ప్రసిద్ధి కెక్కిన నేతవారి పేట యది. అచ్చట మా శక్తికి తగిన ఆకుపచ్చని సన్నయంచు చీర యొకటి దీసికొంటిమి. తిరుగుదారిలో ద్రాక్ష రెండుకిలోలు, అనపకాయలు, బెల్లము, పూలు. సాయంకాలపు సందడికి వీధిలో అప్పుడే రంగుదీపములు కట్టుచుండిరి. వీధిమొగలో పలకక్రింద జనము కూడుచుండెను. మా అమ్మాయి ఆ వైపు చూచి, "అమ్మా, వాళ్లెవరూ పండు తీసుకోలేదు" అనినది. ఇంటికి వచ్చు దాక ఆ మాటయే మా చెవిలో నుండెను.

పాఠకురాండ్రలో చేయగోరువారికొరకు మేము చేసిన విధము చెప్పెదము. రెండుకిలోల నల్లద్రాక్షను తొడిమలు తీసి, మూడునీళ్ళ కడిగి, స్టీలు గిన్నెలో నొక గ్లాసెడు నీటితో పొయ్యిమీద నుంచవలెను. పులుపు కలది గనుక రాగి, అల్యూమినియము పాత్రలు పనికిరావు. పండ్లు చిట్లి తోలు రంగు విడుచువరకు పావుగంట మెల్లగ కాగనిచ్చి, గరిటతో మెదిపి, పలుచని బట్టలో వడియగట్టవలెను. గింజలు నలిగినచో వగరు వచ్చును, గట్టిగ పిండరాదు. ఆ రసమునకు దాదాపు పావుకిలో పంచదార, నాలుగు లవంగములు, చిన్న దాల్చినచెక్క చేర్చి, మరల కాచి, ఉడుకునీటిలో మరిగించిన సీసాలలో వేడిగ నుండగనే నింపి బిగింపవలెను. ఒకటి రెండు దినములు కదలకుంచినచో అడుగున చిన్నపలుకులు దిగును. అవి ద్రాక్షలో సహజముగ నుండు పులుసు యొక్క స్ఫటికములు, భయపడవలదు. పైతేట వంచుకొనవలెను. మూత తెరచిన పిమ్మట చల్లనిచోట నుంచి నాలుగైదు దినములలో ముగింపవలెను. పొంగినను, బుడగలు వచ్చినను వాడరాదు.

మా అత్తగారు పొయ్యిచెంత పీట వేసికొని కూర్చుండిరి. మొదట కావలికివలె కూర్చుండిరి. రసము తెర్లి ఆవిరి లేచునప్పుడు ఆమె మొగము కొంచెము వెనుకకు దీసికొనిరి, వాసన చూచిరి, మరల ముందుకు వచ్చిరి. ఉదయపు వాసన కాదది. తేనెలో పూలు నానినట్టి వాసన. కొంతసేపటికి, "గరిటె ఇట్లివ్వు, అడుగంటుతుంది" అని మా చేతిలోని గరిటె తీసికొనిరి. ఆ మీదట మాకు పని లేకపోయెను. బట్ట పట్టినది మనుమరాలు, సీసా పట్టినది మనుమడు, పోసినది జేజి.

సాయంకాలము మావారు బడినుండి వచ్చు సమయమునకు పితికిపప్పు కూర, రాగిసంగటి, ఓళిగలు సిద్ధమైనవి. అనపగింజలను నానబెట్టి తోలు పితికి చేయు నీ కూర చలికాలపు మా సీమ సొత్తు. మా అత్తగారు తలంటుకొని క్రొత్తచీర గట్టిరి. దీపము వెలిగించి, పిల్లలు హారతి పట్టి, అందరమును పాదములకు మ్రొక్కితిమి. అతిథి సిస్టరమ్మగారు మాత్రమే. వెండిచెంబులు లేవు గనుక స్టీలులోటాలలోనే ద్రాక్షారసము పోసితిమి. అత్తగారు లోటాను రెండుచేతుల పట్టుకొని దీపమువైపు ఎత్తి చూచిరి. కొడుకు ఎదుట కూర్చుండెను. "నువ్వు ముందు తాగు నాయనా" అనిరి. ఆయన త్రాగెను. ఉదయమున పోయిన నమ్మకము ఆ యొక్కమాటతో తిరిగివచ్చినది. పిదప ఆమె త్రాగి, పెదవులు తుడుచుకొని, "తియ్యగా ఉంది. ఇంకొంచెము పోయి" అనిరి. పిల్లలు గంతులు వేసిరి. మేము వంటయింటిలోనికి బోయి కన్నులు తుడుచుకొంటిమి.

మా పుట్టినరోజు పండుగ యింతే. సోదరీమణులలో కొందరికిది యేపాటి విశేషమని తోచవచ్చును. గేటు గొళ్ళెము చప్పుడునకు గుండె కొట్టుకొనిన యింటివారికి తోచదు. వేడుక యెంత పెద్దదైనను ఇంటియిల్లాలు భయముతో కూర్చున్నచో అది పండుగ కాదు. చట్టము నిషేధించునప్పుడు మేలే. చరిత్ర యది చెప్పుచున్నది. చట్టము వచ్చును, పోవును. చట్టము లేని దినములలో మనయింటి పిల్లలకు మనమే చెప్పవలసియున్నది: ఏది పండు, ఏది పులిసినది, ఏది యెవరి కన్నీరు అని. ఆనాడు మా పిల్లలు ఆ జాడీవలన నేర్చుకొనినది యే బడియు నేర్పలేదు.

రాత్రి పదిగంటలకు సిస్టరమ్మగారు సంవత్సరాంత ప్రార్థనకు చర్చికి బోయిరి. వీధిలో మోటారుసైకిళ్ళు తిరుగుచుండెను, టపాసులు ప్రేలుచుండెను. మేము తలుపులు చూచివచ్చుచు అత్తగారి గదిలోనికి తొంగిచూచితిమి. క్రొత్తచీర మడిచి తలక్రింద నుంచుకొని, గోడవైపు గాక తలుపువైపు తిరిగి నిద్రించుచుండిరి. పండ్రెండుగంటలకు చర్చిగంట మ్రోగెను. ఆ తరువాత ఎవరో పొరుగువారి గేటు గొళ్ళెము పెద్దగ చప్పుడు చేసెను. మేము ఉలికిపడి ఆమెవైపు చూచితిమి.

ఆమె లేవలేదు.